తాడు పట్టే బావమరిది

కొండమీద అందరూ ఆయన్ని తేనె బావ అనేవారు. వరసకు కొడుకులయ్యేవాళ్ళు కూడా అలాగే అనేవారు, ఆయన కాదనలేదు. నిట్టనిలువు బండ అంచున నారతాడుకు వేలాడుతూ, పచ్చాకు పొగ పెట్టి తేనెపట్టు కోసేవాడు. ప్రతి పట్టులో ఒక ముక్క ఈగలకే వదిలేసేవాడు. ఒళ్ళంతా ఉబ్బి ఇంటికొచ్చి, ఒక్క ఈగ కూడా కుట్టలేదని పెళ్ళానికి చెప్పేవాడు. మూసుకుపోయిన ఆయన కన్ను చూస్తూనే ఆవిడ సరేలే అనేది.

పైన తాడు పట్టేవాడు మాత్రం పెళ్ళాం తోడబుట్టినవాడే అయి ఉండాలి. అది వాళ్ళ కట్టడి. సొంత అన్నదమ్ముల్ని తాడు దగ్గరికి రానివ్వరు, వాళ్ళ మధ్య ఏ పాత తగువులుంటాయో ఎవరికి తెలుసు. తోడబుట్టినదాన్ని ముండమోయించడానికి మాత్రం ఎవడికీ చెయ్యి రాదు. అయినా ఆవిడ తమ్ముణ్ణి బెదిరించే పంపేది. తాడు వదిలావో, మా ఇంట్లో నీకు గంజి కూడా పుట్టదు అనేది.

ఒక వానాకాలం ఆవిడ జ్వరంతో పోయింది.

ఎండలు ముదిరాయి, పట్లు నిండాయి, ఇంట్లో గింజలు అడుగంటాయి. తేనె బావ కాలు నొప్పన్నాడు, గాలి ఎక్కువన్నాడు. అందరూ నమ్మారు. ఆయన్ని లోపల తొలుస్తున్నది ఒకటే. పైనున్నవాడికి ఇప్పుడు కాపాడుకోడానికి అక్క లేదు. ఇక తాను వాడికి ఏమవుతాడు? అడగడానికి నోరు రాలేదు.

చివరికి ఒకరోజు పొద్దున్నే బావమరిదే తాడు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అంచు దగ్గర బావమరిది పచ్చాకు విరవడానికి పొదల్లోకి వెళ్ళగానే, తేనె బావ గబగబా తాడు కొసను వెనకున్న మొద్దుకు ముడేసి, ఆకులు కప్పాడు. పైవాడు వదిలినా ఆగేలా అలా కట్టడమంటే తాడు పట్టేవాడి మొహాన ఉమ్మినట్టే. ఆ తర్వాత దొంగలా చేతులు తుడుచుకుని ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. ఆకాశంలో చూడ్డానికేమీ లేదు.

బావమరిది తిరిగొచ్చాడు. ఆకుల కట్ట కింద పెట్టి, తాడు వెంటే మొద్దు దాకా నడిచి, వంగి చూశాడు. తేనె బావ చెవులు వేడెక్కాయి. వెనక తాడు బిర్రుగా లాగిన చప్పుడయింది.

"ముడి వదులుగా ఉంది బావా. బిగించాను," అన్నాడు బావమరిది. చేతులు దులుపుకుంటూ, "వణికే చేతుల్తో వేస్తే అంతే. అక్క చూసుంటే నవ్వేది," అన్నాడు.

"నీకింక నేనేమవుతానురా?"

"ఏమవుతావు, బావవే. దిగు, ఎండెక్కుతోంది."

బావమరిది తాడు నడుముకు చుట్టుకుని, మడమలు బండకు తన్ని కూర్చున్నాడు. తేనె బావ అంచు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. మొద్దు ముందు కూలబడి ముడి విప్పసాగాడు. బావమరిది బిగించిన ముడి అది, ఓ పట్టాన ఊడలేదు. గోరొకటి విరిగింది. అది ఊడాకే దిగాడు.