తోక అందానికట!

మా చిన్నప్పుడు... బోధన్‌లో చెరకు పూతకొచ్చిందంటే మా పద్మక్క చేతులు ఊరుకునేవి కావు. ఎండిన పూత కాడ భలే తేలిక. దానికి థర్మాకోల్ రెక్కలు, పెళ్లిపత్రిక అట్టతో తోక అతికించి విమానం చేసింది.

ఎగరేసిన ప్రతిసారీ ముక్కు నేలను గుద్దేది. ఓ రోజు అక్క తోక అట్ట వెనకంచును గోరంత పైకి వంచి వదిలింది. గాలికి తోక దిగి, ముక్కు లేచింది! మరీ వంచితే నిక్కి, ఊపు పోయి కూలబడేది. నాలుగు రోజులు ఆ అంచుతోనే కుస్తీ... చివరికి తిన్నగా, తొణక్కుండా వాకిలి దాటింది.

"సూసినవా చెల్లె? తోక ఎట్ల జెప్తే ముక్కు గట్ల ఇంటది!" అంది.

నిజామాబాద్‌లో సైన్స్ ఫేర్‌కు మమ్మల్ని తీసుకెళ్లింది మా సైన్స్ సారు. ఆయన గురించి మర్యాదగా రాద్దామనే కూర్చున్నా... చేతకావడం లేదు. ఏడాదంతా గైడు చూసి బోర్డు మీద ఎక్కించిన మనిషి, ఆ రోజు ఇస్త్రీ చొక్కా, సెంటు!

"గీ తోక వంకరేంది?" అన్నాడు విమానం చూసి.

"గట్లనే ఉండాలె సార్. లేకుంటే ముక్కు మీద పడ్తది."

"నాకే చెప్తవా? ఎగిరేది రెక్కలతోని. తోక అందానికి!" అంటూ స్కేలుతో అంచును చదునుగా నొక్కేశాడు.

జడ్జీల ముందు అక్క వదిలింది. విమానం నిట్టనిలువునా నేలను గుద్దింది.

"ఎంత చెప్పినా ఇనరు సార్, పిల్లలు..." అని ఇకిలించాడు ఆ మహానుభావుడు.

అక్క కళ్లు నిండాయి. అయినా కింద కూర్చుని, బొటనవేలితో అంచు మళ్లీ వంచింది. "ఇంకొక్కసారి సార్," అని జడ్జీలను అడిగి వదిలింది. వాళ్ల బల్ల మీదుగా హాలు చివరిదాకా తేలుతూ పోయింది...

మొదట చప్పట్లు కొట్టిందెవరనుకున్నారు? ఆయనే! బహుమతి అక్కకే అనగానే, "నేనే నేర్పిన సార్," అంటూ సర్టిఫికెట్‌కు చేయి చాచాడు. ఫోటోలో అక్కను పక్కకు నెట్టి మధ్యలో నిలబడ్డాడు.

అక్క ఫోటోలోంచి బయటికొచ్చేసింది. "సర్టిఫికెట్ మీరే ఉంచుకోండ్రి సార్. ఇమానం నేను తీస్కపోత," అంది. పదమూడేళ్ల పిల్ల!

అక్క ఇప్పుడు మాక్లూర్ దగ్గర బడిలో ఫిజిక్స్ చెబుతోంది. పిల్లల పని మీద చెయ్యి వేసేముందు, "ఎందుకట్ల చేసినవ్ బిడ్డా?" అని అడుగుతుంది.

ఇప్పుడు బొమ్మ విమానం రిమోట్‌తో సహా ఇంటికే వస్తోంది. ఒక్క అంచు కోసం నాలుగు రోజులు తల పట్టుకునే తీరిక ఏ పిల్లలకుంది... పిల్లల పని ముందు నిలబడి ఫోటో దిగే పెద్దమనుషులకు మాత్రం కరువు రాలేదు. మీ బడిలోనూ ఒకరుండే ఉంటారు. పేరొద్దు... ఏం వెలగబెట్టాడో చెప్పండి.