బియ్యం బాన అడుగున

పెనుకొండలో మా ఇంటి కొట్టుగదిలోకి నాలుగు మెట్లు దిగాలి. అక్కడ నేలలో మెడదాకా పూడుకుపోయిన పెద్ద బాన ఒకటి ఉంది, పైన పలకరాయి మూత. ఈ ఇంటికి వచ్చిన ప్రతి కోడలూ వంటింట్లో అడుగు పెట్టకముందే అందులో పిడికెడు బియ్యం వేయాలి. మా అవ్వ వేసింది, అమ్మ వేసింది, నా భార్య వేసింది. వేసినవాళ్లే తప్ప తీసినవాళ్లు లేరు. పొలాలు పోయాయి, ముందు వసారా కూలింది, బజార్లో నమస్కారాలు తగ్గాయి. బాన మిగిలింది. రాయల కాలంలో మా పెద్దలు ధాన్యం దాచిన బాన అని, అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.

హిందూపురం నుంచి మాకు కోడలు రావడానికి నాలుగు రోజులుందనగా, పక్కింటి రిటైర్డు కండక్టరు పునాది తవ్వించాడు. మొదట పాత ఇటుకలు తగిలాయి. వాటి కింద పొడుగు ముక్కు మనిషి ముఖం ఉన్న వెండి నాణెం. ఇంకా కిందికి పోతే రెండు బానలు, వాటిలో మనుషుల ఎముకలు. తవ్వకాల ఆఫీసరమ్మ వచ్చి, నాణెం రోము దేశానిదనీ, బానలు అంతకంటే పాతవనీ, ఆ కాలంలో చచ్చిపోయినవాళ్లను అట్లా పాతేవారనీ చెప్పింది.

గోడ ఇవతలి నుంచి నేనూ చూస్తున్నాను. ఆ బానల అంచు చుట్టూ బొటనవేలితో నొక్కినట్టు గుంటలున్నాయి. మా బానకూ ఉన్నాయి.

"ఏమప్పా, మీ రాయలోరి బాన గుడక ఇట్లే ఉండాది కదా?" అన్నాడు కండక్టరు, పదిమంది వింటుండగా.

"అది వేరే."

"యాడ వేరే? ఆ నొక్కులు ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపిస్తివి కదబ్బా నాకు!"

ఆఫీసరమ్మ తలెత్తింది. "రేపు వచ్చి చూడొచ్చా సార్?"

కాదనలేకపోయాను. ఊరందర్నీ పిలిచి చూపించినవాణ్ణి నేనే.

ఆ మధ్యాహ్నం అన్నం సగంలో లేచిపోయి పలకరాయి జరిపాను. పైన బియ్యం, కింద పిండైపోయిన బియ్యం. భుజం దాకా చెయ్యి దూర్చాను. వేళ్లకు పళ్ల వరుస తగిలింది.

"ఏం చేస్తాండావు ఈడ?" మెట్ల మీద నా భార్య.

"పురుగు పట్టిందేమోనని చూస్తాండా."

"దాంట్లో చెయ్యి పెట్టకూడదని మీయమ్మ చెప్పలేదా నీకు? పోయి కడుక్కో."

చాలాసేపు కడుక్కున్నాను. కళ్లు మూస్తే కొత్త కోడలి పిడికిలి కనిపించేది, దాని కింద ఆ పళ్లు.

మరునాడు ఆఫీసరమ్మ టార్చి వేసి చూసింది. లోపల బియ్యమే కనిపించింది. "ఇంట్లో ఆచారం ఉందంటున్నారు, బలవంతం చెయ్యను. అడుగున ఏమైనా ఉందా సార్? మీ మాటే రాసుకుంటాను."

ఏమీ లేదని చెబితే అంతటితో పోయేది. బానా మిగిలేది, నా మాటా మిగిలేది.

"ఉండాది," అన్నాను. "మనిషి పండ్లు తగిలినాయి నాకు."

నా భార్య మెట్టు మీద కూలబడింది. "ఒక పిడికెడు చాలని మీయమ్మ అంటాన్నా, నేను రెండు వేస్తినే," అంది. ఆఫీసరమ్మ కొట్టుగదికి తాళం వేసి, కాగితం అంటించి వెళ్లింది.

కోడలు వచ్చిన రోజు వియ్యపురాలు గడప దగ్గరే అడిగింది. "రాయల కాలం బానంట కదా అన్నా, యాడుండాది? మా పిల్ల బియ్యం చేతిలోనే పట్టుకొనొచ్చింది."

కండక్టరు అక్కడే ఉన్నాడు. మా చుట్టాలూ ఉన్నారు.

"అది మా పెద్దోళ్లది కాదమ్మా," అన్నాను. "ఎవరినో దాంట్లో పెట్టి పాతినారు. మేం తెలుసుకోలేదు."

నా భార్య కోడలి చెయ్యి పట్టుకుని నేరుగా వంటింట్లోకి తీసుకుపోయింది. నేను కండక్టరు వైపు చూడకుండా నిటారుగా నిలబడ్డాను.