సుబేదారు గారికి నేనూదిన బూర

ఊరంతా చూస్తుండగా ఒక సుబేదారు గారిని సగౌరవంగా సాగనంపమని నా చేతికి బూర ఇస్తే, నేను ఆయన్ని పెళ్ళికొడుకుని చేశాను. మాట వరసకు అంటున్నానని అనుకోకండి. ఆ రోజు అక్కడ నిలబడిన వాళ్ళలో సగంమంది ఇంకా బతికే ఉన్నారు. నేను బజారులో కనిపిస్తే చాలు, ఇప్పటికీ ఎవడో ఒకడు ముక్కు కింద వేలు పెట్టుకుని నవ్వుతాడు. ఆ వేలు సంగతి తర్వాత. ముందు నా సంగతి వినండి.

చైనా యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం అది. నాకు పంతొమ్మిదేళ్ళు. మా ఊరు సత్తెనపల్లికి ఆరు మైళ్ళు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. బడి నేనే మానేశానని మా ఇంట్లో చెప్పుకుంటాం గానీ, ఆ రోజు మాస్టారు పిల్లలందరికీ బెల్లం పంచారని విన్నాను.

బడి పోగానే మా నాన్న మస్తాను గారి బ్యాండు మేళంలో పడ్డాను. ఆయనది పెద్ద డ్రమ్ము, నాది ట్రంపెట్టు. పెళ్ళి ఊరేగింపులు, దేవుడి ఉత్సవాలు, ఉరుసులు, ఏవైనా సరే మేమే. సన్నాయి వాళ్ళు దొరకని పెళ్ళిళ్ళలో తాళి కట్టే వేళ గట్టిమేళం కూడా మేమే. గట్టిమేళం ఎందుకో మీకు తెలుసుగా? సరిగ్గా ఆ క్షణంలో ఎవరైనా తుమ్మితే అపశకునం. కాబట్టి పురోహితుడు చూపుడువేలు ఎత్తి ఆడించగానే మేళం విరుచుకుపడి తుమ్ములన్నిటినీ మింగెయ్యాలి. పైగా మా వైపు పెళ్ళిళ్ళన్నీ మిరపకాయలు ఎండే రోజుల్లోనే. తుమ్ములకు కొదవేముంది?

మా నాన్న నాకు చెప్పిన సంగీతశాస్త్రం మొత్తం ఇంతే: "స్వరం తప్పితే తిడతాను. తాళం తప్పితే కొడతాను. తుమ్ము బయటికి వినపడిందో, చర్మం వలిచి డ్రమ్ముకు కడతాను."

ఇలా ఉండగా ఒకరోజు తెల్లవారుజామున సుబేదారు వెంకటప్పయ్య గారు కాలం చేశారు. జర్మనీ వాడితో జరిగిన యుద్ధంలో పనిచేసి, పింఛనుతో ఊళ్ళో స్థిరపడిన మనిషి. పొద్దున్నే మేమూ చూడ్డానికి వెళ్ళాం. ఆయన భార్య రత్తమ్మ గారు శవం పక్కన కూర్చుని ఏడుస్తూనే దెప్పుతున్నారు, దెప్పుతూనే ఏడుస్తున్నారు.

"పది రోజుల సెలవులో వచ్చి మూడు ముళ్ళేసి పోయాడమ్మా! మేళం పెట్టించవయ్యా అని మా నాన్న అడిగితే, టైము లేదన్నాడు. పెళ్ళికి మేళం పెట్టించని మనిషి, చావుకి పటాలం బూర ఊదించమని నా చేత ఒట్టేయించుకున్నాడు. చేతిలో చెయ్యేశాను. ఇప్పుడు ఆ ఒట్టు ఎట్టా తీర్చను?"

పటాలం వాళ్ళకు తంతి కొడితే అది సికిందరాబాదు చేరేది ఎప్పుడు, వాళ్ళు వచ్చేది ఎప్పుడు? ఆ ఎండలకు శవం ఆగదు. ఇక ఊళ్ళో బూర ఊదగలవాడు పటాలంలో నాయకు హోదాలో చేసి వచ్చిన పున్నయ్య ఒక్కడే. అక్కడ ఇరవై ఏళ్ళు ఆయన పని అదే. బూర అప్పటికీ తళతళలాడుతూ ఆయన గూట్లో ఉంది. లేనిదల్లా పళ్ళే. కిందటి ఏడే ముందు పళ్ళన్నీ ఊడాయి. బూర పెదాలకు ఆనించి ఊదితే, పొయ్యిలో తడి పుల్లలు రాజేసినట్టు గాలి మాత్రం వచ్చింది.

సరిగ్గా అప్పుడు నాకు నోటిదురద పుట్టింది.

"పున్నయ్య బాబాయ్, మూడు బొత్తాల ట్రంపెట్టు ఊదేవాణ్ణి. ఒక్క బొత్తం కూడా లేని బూర నాకో లెక్కా? ఇటివ్వు."

రత్తమ్మ గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నా ఒట్టు నీ చేతిలో పెడుతున్నాను నాయనా. తేడా రానివ్వకు."

"రాదు పిన్నీ" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పున్నయ్య నన్ను తన పశువుల కొట్టం దగ్గరికి తీసుకుపోయాడు. ఎత్తుకోవడం సాయంత్రం నాలుగింటికి. చేతిలో ఉన్నది ఆరు గంటలు. బొత్తాలు లేకపోతే స్వరాలన్నీ పెదాలతోనే పుట్టించాలని నాకు అప్పుడు తెలిసింది. నా మొదటి ఊదుడుకి ఆయన గేదె పలుపు తెంపుకుంది. రెండోదానికి దాని కడుపులోని దూడ ఇంకో నెల తర్వాత వస్తానని లోపల్నుంచే చెప్పి ఉంటుంది.

"దీని అర్థం తెలియకుండా ఊదితే ఇట్టాగే ఉంటుందిరా" అని పున్నయ్య కూర్చోబెట్టి చెప్పాడు. "పటాలానికి బూరే గడియారం. నిద్ర లేవాలన్నా బూరే, కూడు తినాలన్నా బూరే. వెనకటికి సాయంత్రమయ్యేసరికి ఆఫీసరు కాపలా చోట్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చేవాడు. మొదటి చోట ఒక బూర. అన్నీ చూసి చివరి చోటికి వచ్చాక ఇంకో బూర. దాన్నే లాస్ట్ పోస్ట్ అంటారు. అంటే ఏంటి? అంతా సరిగ్గా ఉంది, తలుపులు మూశాం, ఇక పడుకోండ్రా అని."

"అది చచ్చిపోయినోడికి ఎందుకు బాబాయ్?"

"వాడి డ్యూటీ అయిపోయిందని. యుద్ధంలో దారి తప్పినవాళ్ళకి, దెబ్బలు తిని పడిపోయినవాళ్ళకి, ఇవాళ్టికి పోరాటం ఆగింది, ఈ చప్పుడు పట్టుకుని వచ్చెయ్యండి అని చెప్పేదని కూడా అంటారు. తర్వాత రెండు నిమిషాలు మౌనం. ఆ తర్వాత తెల్లవారి బూర, పొద్దున్నే నిద్ర లేపేది. ఇక్కడ పడుకున్నాడు, అక్కడ లేస్తాడు అని."

"మన దింపుడు కల్లం లాంటిదేగా!" అన్నాను. మా వైపు శవాన్ని మోసుకుపోతూ ఊరి చివర ఒకచోట దించుతారు. ఏమో, ప్రాణం ఉందేమో అని, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. మా ఊళ్ళో ఆడవాళ్ళు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతారు.

పున్నయ్య నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు. "అదేరా! అందుకే అక్కడే ఊదిద్దాం. రత్తమ్మ కూడా వింటుంది."

"మరి ఆ రెండు నిమిషాలూ నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు."

"ఊరికే నిలబడాలా?"

"ఊరికే కాదు. ఊరుకోవడం కూడా అందులో భాగమే. నేను తల ఊపాకనే తెల్లవారి బూర. గుర్తుంటుందా?"

"బూర మోగించడం నేర్చుకున్నవాడికి ఆపడం ఒక విద్యా బాబాయ్!"

నేను ఆరు గంటలూ ఊదడమే సాధన చేశాను. ఆపడం ఒక్కసారి కూడా సాధన చెయ్యలేదు.

సాయంత్రం దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. ఊళ్ళోని పాత సిపాయిలు ఏడుగురు పతకాలు తగిలించుకుని వరసగా నిలబడ్డారు. నడకకు మెల్లగా దరువు వేస్తూ వచ్చిన మా నాన్న డ్రమ్ముతో వెనక ఉన్నాడు. పేరు పెట్టి పిలవడం అయ్యాక పున్నయ్య నాకు సైగ చేశాడు.

ఊదాను. చెప్పుకుంటే గొప్పలంటారు గానీ, నిజంగా బాగా ఊదాను. చివరి స్వరం సాగదీసి వదిలితే అది చేల మీదుగా అలా వెళ్ళిపోయింది. రత్తమ్మ గారు కళ్ళు మూసుకుని తల ఆడించారు. సిపాయిలు సెల్యూటు కొట్టారు. మా నాన్న నా వంక చూసి మీసం దువ్వుకున్నాడు. మా నాన్నకు ముచ్చట కలిగించిన మొదటి రోజు అదే. అక్కడితో చచ్చిపోయినా బాగుండేది, పాడె కూడా సిద్ధంగా ఉంది.

మౌనం మొదలైంది.

అయ్యా, మేళగాడికి మౌనం ఎలా ఉంటుందో మీకు తెలియదు. పెళ్ళిలో మేము ఊపిరి తీసుకోవడానికి ఆగినా, "ఏరా, కూడు పెట్టలేదా మీకు?" అని అరుస్తారు. ఒక నిమిషం గడిచేసరికి నా పెదాలు వాటంతట అవే బూర మీదికి వచ్చాయి. పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాను.

అప్పుడు గాలి తిరిగింది.

దింపుడు కల్లానికి అటువైపు మిరపకాయల కల్లం ఉంది. పాపం, ఆ కూలీలు కూడా చనిపోయినాయన మీద గౌరవంతో పని ఆపి నిలబడ్డారు. గాలికి ఆ మర్యాద తెలియదుగా. ఎర్రటి ఘాటు ఒక్కసారిగా మా మీదికి వచ్చింది. వరసలో మూడో సిపాయి పతకాలన్నీ గలగలలాడేలా "హాచ్చి!" అన్నాడు.

మా నాన్న శాస్త్రం గుర్తొచ్చింది. చర్మం గుర్తొచ్చింది. అయినా ఆగాను, ఒట్టు. దిక్కుతోచక పున్నయ్య వంక చూశాను. ఆయనకు కూడా తుమ్ము ముంచుకొస్తోంది. దాన్ని ఆపుకోవడానికి చూపుడువేలు ఎత్తి ముక్కు కింద అడ్డంగా పెట్టబోయాడు. ఆ వేలు గజగజ వణికింది.

తుమ్ము, ఎత్తిన వేలు. ఇంక నేనెవర్ని ఆపడానికి?

గట్టిమేళం!

బూరలో ఉన్నవి అయిదే స్వరాలు. గట్టిమేళానికి స్వరాలు అక్కర్లేదు, రొద చాలు. మా నాన్న నన్ను ఆపాడనుకుంటున్నారా? ఆయన తుమ్ము విన్నదీ ముప్పై ఏళ్ళ అలవాటుతోనే. ధన ధన ధనమని డ్రమ్ము అందుకున్నాడు! పూలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, చేతులు ఊరుకుంటాయా, అక్షింతలు చల్లినట్టు చల్లేశారు. పూలన్నీ సుబేదారు గారి మీద పడ్డాయి. ఆయన ఒక్కరే ఆ గోలలో క్రమశిక్షణతో కదలకుండా ఉన్నారు.

ఎప్పుడు ఆపామో గుర్తులేదు. ఆపాక వచ్చిన మౌనం రెండు నిమిషాలది కాదు.

"ఒరేయ్ కాసిం!" పున్నయ్య గొంతు పటాలం అంతటికీ వినపడేలా లేచింది. "ఏం చేశావురా!"

"నువ్వేగా బాబాయ్ వేలు ఎత్తావు!"

"తుమ్ము ఆపుకుంటే..." అని ఆయన తుమ్మేశాడు.

మా నాన్న వెనకనుంచి నెమ్మదిగా అన్నాడు. "సరేలే, దింపుడు కల్లం ఆశ కూడా తీరిపోయింది. ఆ మోతకి లేవలేదంటే సుబేదారు గారు ఇక లేవరు."

అందరూ రత్తమ్మ గారి వంక చూస్తున్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను.

"నీ ఒట్టు చెడగొట్టాను పిన్నీ. చెప్పుతో కొట్టు."

ఆవిడ కొంగు తీశారు. ముఖం నిండా కన్నీళ్ళు, వాటి మధ్యలో నవ్వు.

"లే నాయనా. పెళ్ళికి మేళం పెట్టించలేదని ఇన్నేళ్ళూ ఆయన్ని సాధించుకు తిన్నాను. చూడు, ఇక సాధించడానికి నాకేమీ మిగల్చకుండా పోతున్నాడు." పాడె వైపు తిరిగి, "ఇప్పటికి టైము దొరికిందా?" అన్నారు. తర్వాత నా వంక చూసి, "ఇంకొకటి ఉందటగా, నిద్ర లేపేది. అది కూడా ఊదెయ్యి. ఒట్టు పూర్తవుతుంది" అన్నారు.

పున్నయ్య తల ఊపాడు. ఒక చేత్తో ముక్కు గట్టిగా పట్టుకుని మరీ ఊపాడు. తెల్లవారి బూర ఊదాను. ఒక్క స్వరం తప్పలేదు.

బూర తిరిగి ఇవ్వబోతే పున్నయ్య, "నేను పోయినప్పుడు నువ్వు రావద్దు" అన్నాడు. బూర అందుకుని తుడుచుకుంటూ, "వస్తే ఉత్త చేతులతో రా. నాకు పెళ్ళినాడే మేళం పెట్టారు" అన్నాడు.

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా నా ప్రమాణం ఇదీ: మిరపకాయల కల్లం ఉన్న దరిదాపుల్లో ఇకమీదట ఏ వీరుడికీ బూర ఊదను. తప్పనిసరై ఊదాల్సి వస్తే, ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ముక్కుల్లో దూది కుక్కి మరీ మొదలుపెడతాను. నా ముక్కులో కాదు, వచ్చినవాళ్ళందరి ముక్కుల్లో.