వెనక్కి తిరగని ఒక్క రోజు

ఆ రోజుల్లో మా వైపు మనసుకు వచ్చే జబ్బులు రెండే: పిచ్చి పట్టడం, గాలి సోకడం. ఈ రెంటిలో దేనికీ చాలని నాలాంటివాళ్లను "తిక్కది" అని సరిపెట్టేవారు. నంద్యాలలో బడిపంతులైన మా నాయన మాత్రం కాస్త వివరంగా, "ఈ పిల్లకు మనసు నిలకడ లేదు, భయం మాత్రం బాగా నిలకడ" అనేవాడు. ఆ రెంటికీ ఇంగ్లీషు పేర్లున్నాయని నాకు మొన్న మొన్న తెలిసింది. మనవరాలు బళ్లో కుదురుగా కూర్చోవడం లేదని డాక్టరుకు చూపిస్తే ఆయన వరసగా ప్రశ్నలడిగాడు. చేస్తున్న పని మధ్యలో వదిలేసి ఇంకోటి పట్టుకుంటుందా? వస్తువు ఎక్కడ పెట్టిందో మరిచిపోతుందా? జరగనివన్నీ తలచుకుని కడుపులో తిప్పుతోందంటుందా? నేను అన్నిటికీ తలూపుతున్నాను. "అమ్మా, నేనడిగేది పాప గురించి" అన్నాడాయన. (పాప అప్పటికి ఆయన బల్ల కింద ఉంది.) చివరికి ఏడీహెచ్‌డీ అని ఒకటి, దానికి తోడు యాంగ్జైటీ అని ఒకటి చీటీ మీద రాశాడు. చీటీ పాపదే. నాకు మాత్రం ఆళ్లగడ్డలో నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది.

డెబ్బై ఎనిమిదిలో, నా ఇరవై రెండో ఏట, అక్కడి ఒక మిషన్ బళ్లో టీచరుగా చేరాను. పెళ్లి చేసుకోని మా పెద్ద టీచరమ్మ తన ఇంట్లోనే నన్ను ఉంచుకుంది. ఆమెను ఊరంతా గడియారమక్క అనేవారు. ఆమె బడికి బయలుదేరడం చూసి వీధిలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేవారు. అలాంటామె ఇంట్లో నేను! అక్క ఎనిమిదింటికే వెళ్లిపోయేది. తర్వాత తాళం వేసి రావడం ఒక్కటే నా పని. తాళం వేసేదాన్ని. సందు చివరికి వెళ్లాక గుబులు మొదలయ్యేది. వేశానా? వెనక్కి వచ్చి లాగి చూసేదాన్ని. మళ్లీ సగం దూరం పోయాక, పొయ్యి ఆర్పానా? ఆ తిరుగుళ్లలో బడికి ఆలస్యమయ్యేది. ఆలస్యమైందన్న కంగారులో హాజరు పట్టీ ఇంట్లోనే మరిచిపోయేదాన్ని. దానికోసం మళ్లీ ఇంటికి. ఎదురింటి అవ్వ ఒకసారి, నన్ను చూడటానికి నంద్యాల నుంచి వచ్చిన నాయన మీద జాలిపడి, "పాపను చదివించినారు సరే, నడక నేర్పలేదా?" అని అడిగిందట.

ఒకసారి బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ముందురోజు అక్క నన్ను కూర్చోబెట్టుకుని, "ఇదో పాపా, ఏం చెప్తాండానో ఇను. బీగం వేసేటప్పుడు ఏం చేసినావో గట్టిగా పైకి చెప్పుకో. ఆ మీద తిరిగి చూడాకు. రేపు ఒక్కనాడు వెనక్కి తిరిగినావంటే నీకూ నాకూ మాటల్లేవు" అంది.

మర్నాడు ఉదయం నేను ముందుగదిలో బొగ్గుల ఇస్త్రీపెట్టెతో చీర ఇస్త్రీ చేసుకుంటూ, చీర కింద పరిచిన పాత పేపరులో ఏదో వార్త కనబడి చదవడం మొదలుపెట్టాను. తల ఎత్తేసరికి తొమ్మిది దాటింది. గడప దగ్గర అక్క చెప్పుల్లేవు. వెళ్లిపోయిందనుకున్నాను. బయటికొచ్చి, "పొయ్యి ఆర్పినా! హాజరు పట్టీ తీసుకున్నా! బీగం వేసినా!" అని వీధికంతా వినబడేలా అరుస్తూ తాళాన్ని లాగి చూసి బయలుదేరాను. సందు చివర గుబులు మొదలైంది. పోస్టాఫీసు దగ్గర కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. పళ్లు బిగబట్టి ముందుకే నడిచాను. నా జీవితంలో భయాన్ని గెలిచిన మొదటి రోజది.

బళ్లో అక్క లేదు.

ఇన్‌స్పెక్టరు గారి జీపు మాత్రం నంద్యాల నుంచి అరగంట ముందే వచ్చి నిలబడింది. మిగిలిన ఒక్క తెలుగు అయ్యవారు ఆ జీపును చూడగానే గోడకానుకుని, "నువ్వే పో తల్లీ, నాకు నోరు ఎండుకపోతాంది" అన్నాడు. వెళ్లాను. ఆయన్ను కూర్చోబెట్టాను, రిజిస్టర్లు చూపించాను. ఒక తరగతిలో లెక్క చెబుతూ పక్క తరగతిలో పద్యం అందించాను. మూడో తరగతిలో ఆయన ఒక పిల్లను లేపి జిల్లా భూగోళం అడిగితే అది బిక్కమొహం వేసింది. వాళ్లమ్మ బస్టాండులో పూలమ్ముతుందని నాకెందుకో ఆ క్షణాన తట్టింది. "మేయ్, బస్సులో కండక్టరు ఎట్ల అరుస్తాడే?" అన్నాను. పిల్ల చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "చాగలమర్రి, ఆళ్లగడ్డ, శిరివెళ్ల, నంద్యాల! నంద్యాలోళ్లు బిరీన దిగండప్పా!" అని గొంతెత్తింది. ఆయన నవ్వి ఏదో రాసుకున్నాడు.

ఇదంతా పైకి. లోపల అక్కకు ఏమైందో అన్న ఆలోచన దాని దారిన అది నడుస్తూనే ఉంది. ముందు లారీ గుద్దింది. తర్వాత పాము కరిచింది. ఎక్కాలు అప్పజెప్పించుకునే వేళకు నేను ఉయ్యాలవాడ వెళ్లి ఆమె అన్నకు కబురు కూడా చెప్పేశాను. సమాధి దగ్గర ఏ పాట పాడాలో తేలలేదు గాని, మిగతా ఏర్పాట్లన్నీ అయిపోయాయి. నిజంగా జరిగింది మాత్రం ఒక్కసారి కూడా తోచలేదు.

పదకొండింటికి అక్క వచ్చింది. తడిజుట్టు ముడి వేసుకుని, బొటనవేలికి గుడ్డకట్టుతో. ఇన్‌స్పెక్టరు గారు, "ఏమ్మా, ఇంత ఆలస్యం?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మా అక్క నా వైపు ఒక చూపు చూసి, "ఇల్లు విడిచి రాలేకపోయినాను సార్" అంది.

జీపు కదిలాక నన్ను పిలిచింది.

"పాపా, బీగం వేసినావా?"

"వేసినా అక్కా."

"లాగి చూసినావా?"

"నాలుగుసార్లు."

"ఐదు. బళ్లో అన్నీ నిన్ననే సర్ది పెట్టింటి, సారు వచ్చేది పదింటికి గదా అని పెరట్లో తలకు పోసుకుంటాంటి. సబ్బు కండ్లతో గదుల్లో నుంచి పరిగెత్తుకొచ్చి తలుపు కొడుతూ లెక్కపెట్టినా. నువ్వేమో బయట దండోరా వేసుకుంటాండావ్. నా కేక యాడ ఇనపడుతుంది?"

చెప్పులు కడిగి పెరటి గోడ పక్కన ఎండబెట్టిందట. ఆ గోడ పైనంతా గాజు పెంకులు. దాన్ని ఎక్కబోయి వేలు తెగింది. బేతంచెర్ల బండల లోడు దింపి వచ్చి నిద్రపోతున్న పక్కింటి లారీ డ్రైవరు ఆమె కేకలకు గంటన్నర తర్వాత లేచి, గడ్డపారతో తాళం పగలగొట్టాడు.

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆ దారిలో ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే ఆమె కేక వినబడేది. రోజూ తిరిగేదాన్ని, ఆ ఒక్కరోజే తిరగలేదు.

"నువ్వు ఒక్కనాడన్నా చెప్పిన పని సక్రమంగా చేయాలని ప్రార్థన చేసుకుంటాంటి" అంది అక్క. "ప్రభువు ఈరోజే ఆలకించాల్నా?" అని, ఆపుకోలేక నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు. తర్వాత నవ్వు ఆపి, "అరిచి అరిచి గొంతు పోయినాక కూసోని టీ పెట్టుకున్నా. ఎప్పుడూ నిలబడే తాగేదాన్ని. బాగుండె" అంది.

మధ్యాహ్నం ఇంట్లో అన్నానికి కూర్చున్నాం. అక్క అడిగింది: "ఆ సారును చూస్తే భయం కాలేదా?"

ఆలోచించాను. లేదు. ఆమె కోసం భయపడ్డాను గాని, ఆయన ముందు భయపడటమే గుర్తుకు రాలేదు. ఆ మాట చెబుతుండగానే నా చేతులు వణకడం మొదలైంది. చేతిలో ముద్ద కంచంలోకి జారిపోయింది.

"ఇప్పుడేందీ వణుకుతాండావ్? ఆ సారు శిరివెళ్ల దాటింటాడు" అంటూ అక్క నా కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

మర్నాటి నుంచి నా కోసం ఎనిమిదిన్నర దాకా కాచుకునేది. తనే తాళం వేసి, నన్ను ముందు పెట్టుకుని నడిచేది. హాజరు పట్టీ ఆమె సంచిలో ఉండేది. పిల్లల ఆటలు, నాటకాలు, పై అధికారులు, కొట్లాడటానికి వచ్చే తల్లిదండ్రులు, గోల గోలగా ఉండేదంతా నాకు అప్పగించింది. ఆమె రిటైరయ్యేదాకా ఏడేళ్లు అలాగే నడిచింది. నేను బాగుపడ్డానని ఊరు అనుకుంది, నేనూ అనుకున్నాను. ఆమె తన గడియారాన్ని నాకోసం అరగంట వెనక్కి తిప్పుకుందని ఊరికి గాని, నాకు గాని తట్టలేదు. నాకు ఇప్పుడు తడుతోంది, చెబుదామంటే అక్క లేదు. డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడు, చేతులు వణుకుతూ పప్పన్నం తింటున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్ల కళ్ల ముందు మెదిలితే నవ్వొచ్చింది. "ఎందుకమ్మా నవ్వుతున్నారు?" అన్నాడాయన. చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఏం చెబుతున్నానో మరిచిపోయాను.