వెనక్కి నడిపించిన ఎద్దు

1958లో నేను జమ్మలమడుగు మేజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లార్కును. మేజిస్ట్రేటు దొరగారి ముందు కూర్చుని కేసు కాగితాలు అందించే పని. కోర్టుకొచ్చినోళ్ళ తిట్లు మాత్రం ముందు నాకే తగిలేవి.

ఓబన్న అనే రైతు ఎద్దును దొంగలు తోలుకుపోయినారు. పులివెందుల సంతలో సంగతి తెలియక దాన్ని కొన్నది హుసేన్ సాయిబు. విచారణ తేలేదాకా సాయిబే మేపుకోవాలని పులివెందుల కోర్టు చెప్పింది. మా కోర్టేమో దాన్ని పట్టుకురమ్మని సెర్చి వారంటు ఇచ్చింది. ఇంకో కోర్టు పరిధిలో వారంటు అమలు చేయాలంటే అక్కడి మేజిస్ట్రేటు ఎండార్స్‌మెంటు, అంటే సమ్మతి సంతకం, కావాలి. మా హెడ్ కానిస్టేబుల్ ఆ కోర్టు గడపే తొక్కకుండా సాయిబు కొట్టంలోంచి ఎద్దును విప్పుకొచ్చినాడు.

కోర్టు ముందర ఎద్దు ఓబన్న చెయ్యి నాకుతాంది. అప్పుడే వాన పడి చేను విత్తడానికి పదునెక్కింది. దొరగారు వారంటు తిప్పి చూసినారు. సంతకం లేదు.

"ఎద్దును పులివెందులకు తిరిగి తోలుకుపోండి. అక్కడ మన తప్పు చెప్పి, అప్పుడు అడగండి."

ఓబన్న నీరుకారిపోయినాడు. "సామీ, నా ఎద్దు నా ముందరే ఉండాదే. పదునారిపోతే ఈ ఏడు నా పిల్లోళ్ళు ఏం తినాల?"

"అదీ కోర్టే కదా ఓబన్నా. వాళ్ళ మాట మేం తోసేస్తే రేపు మా మాట ఎవరు వింటారు?"

నాకు ఒళ్ళు మండింది. పరువు వీళ్ళది, పస్తులు వానివి అనుకున్నా. తప్పు ఒప్పుకోవడానికి కోర్టు మనిషి ఉండాలని నన్నూ పంపినారు. ముద్దనూరు మీదుగా నడిచినంతసేపూ ఓబన్న నన్ను తిడతానే ఉన్నాడు. నేను మనసులో దొరను తిడతా ఉన్నా.

పులివెందుల మేజిస్ట్రేటు నేను చెప్పింది విని, కిటికీలోంచి ఎద్దును చూసినారు. "ఇంత దూరం వెనక్కి నడిపించినారా?" అని, సాయిబును పిలిపించినారు.

సాయిబు ఓబన్నతోనే మాట్లాడినాడు. "అది నిన్ను చూసే తీరులోనే తెలుస్తాంది మామా, నీదేనని. దొంగ మాదిరి నా కొట్టంలో చొరబడినారే, అదే నా కడుపుమంట. పై కోర్టుకు పోదామని వకీలును కూడా మాట్లాడినా. ఇప్పుడు నా కోర్టుకొచ్చి అడిగినారు. తోలుకుపో."

మేజిస్ట్రేటు అప్పటికప్పుడే ఉత్తర్వు రాసినారు. "దొంగల దగ్గర సాయిబు సొమ్ము రాబట్టే పని మీ దొరగారిదే," అని నాతో చెప్పినారు. దొరగారు ఆ మాట నిలబెట్టినారు.

కోర్టుల మధ్య మర్యాదంటే జడ్జీల దర్జా కోసమేనని అనుకునేవాణ్ణి. వదులుకునేవానికి తలవంపు లేకుండా చేసేది అదేనని సాయిబు ముఖం చూసినాక తెలిసింది.

మేం తిరిగొచ్చేసరికి ఓబన్న మెరక చేను ఆరిపోయింది. పల్లంలో మాత్రం విత్తుకున్నాడు. ఆ మెరక చేను గురించి ఎన్నో ఏళ్ళు నన్ను దెప్పినాడు. ఆ ఎద్దు కోసం మాత్రం మళ్ళీ ఎవరూ ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు.