ఏ వేగనుదీ కాని నంబరు

గుఢియారీ నుంచి షేర్ ఆటోలో ధర్సీవా దాకా వెళ్లి, అక్కడొక ఇనుము ఫ్యాక్టరీలోకి వేసిన రైలు సైడింగులో బొగ్గు వేగన్ల నంబర్లు రాసుకోవడం సరోజిని పని. పదేళ్లుగా చేస్తున్నా ఇంకా కాంట్రాక్టు మనిషే.

పన్నెండో తరగతి లెక్కల్లో ఆమెకు తొంభై నాలుగొచ్చాయి. పలాస నుంచి ఈ హిందీ ప్రాంతానికి రైల్వే ఖలాసీగా వచ్చిన తండ్రి, ఇద్దర్నీ చదివించలేనని తమ్ముడు మురళీమోహన్‌ని బీఎస్సీలో చేర్చాడు. రెండో ఏడు అతడు మానేశాడు. అప్పుడైనా ఈ పిల్లని పంపుదామని ఎవరికీ తట్టలేదు. దీన్ని పేదరికం అనకండి. పేదరికమే అయితే చీటీలు వేసి తేల్చేవారు.

వేగను నంబరుకి పదకొండు అంకెలు. మొదటి పదిలో సరి స్థానాల అంకెల్ని కూడి మూడింతలు చేసి, బేసి స్థానాల వాటిని కలిపితే, ఆ మొత్తాన్ని తర్వాతి పదికి, డెబ్బైమూడైతే ఎనభైకి, నింపే అంకే చివరిది. అది సరిపోతే నంబరు ఒప్పు. యాభై తొమ్మిది వేగన్ల పక్కన నడిచాక, లెక్క కుదిరిన నంబరు కోసం వెనక్కెళ్లి చూసేవాళ్లుండరు.

అలా రాసుకున్న వాటిలో 92747తో ముగిసేదొకటి ఆమెను పట్టుకుంది. మూడుతో పోలేదు, ఏడుతో పోలేదు, పదకొండుతో పోలేదు. ఏ సంఖ్యకీ లొంగని ప్రధాన సంఖ్యేమో! తేలాలంటే దాని వర్గమూలం దాకా, అంటే లక్షా పదివేల లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. రోజూ భోజనాల వేళ ఒకదానితో. మూడేళ్లు దాటేసరికి వెయ్యో ప్రధాన సంఖ్య, 7919 దాకా వచ్చింది.

"ఫోన్లో కొట్టీరాదేటే? ఏక్ మినిట్‌లో చెప్పీస్తాది," అనేవాడు పట్టాలు మార్చే ముసలి పాయింట్స్‌మన్ దానయ్య.

"నీ కూడు నన్ను తినీమంటావేటి బాబాయ్?"

ఒక మధ్యాహ్నం ఆ వేగనే మళ్లీ వచ్చింది. మొదటి ఆరు అంకెలూ అవే. చివర మాత్రం 97247. సరోజిని బొగ్గుధూళి తుడిచి మళ్లీ చూసింది. ఏడు ముందు, రెండు తర్వాత. తారుమారుగా రాసుకున్నది తనే. పక్కపక్క అంకెల మధ్య తేడా అయిదైతే, అవి తారుమారైనా మొత్తం సరిగ్గా పదే మారుతుంది. చివరి అంకె ఆ తప్పును పట్టలేదు. ఇన్నేళ్ల పనిలో ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

అక్కడే నిలబడి వేగను మీది నంబరును పదకొండుతో చూసింది. ఒకటి విడిచి ఒకటి కూడితే ఇటు ఇరవై, అటు ఇరవై. రెండూ సమానమైతే పదకొండుతో పోతుంది. నిమిషంలో విరిగిపోయింది.

"మూడేళ్లు బేకార్ పోయినాయి కదే," అన్నాడు దానయ్య. "ఒగ్గీ ఇంక."

"ఒగ్గను. అది ఏ వేగనుదీ కాదు. నాది."

"ఇంకెన్నాళ్లు?"

"రోజుకొకటి చొప్పున ముప్ఫై ఏళ్లు."

"అప్పటికి నేనుండను గానీ, విరగదని తేలిందే అనుకో. ఏటి చేస్తావు?"

ఆమె క్యారేజీ పక్కకి జరిపి కాగితం తీసింది.

"క్లాసులో ఉంటే చెయ్యెత్తుదును బాబాయ్," అంది. తర్వాత కాగితం తిప్పి 7927తో మొదలుపెట్టింది.