ఒకే పరుగులు చేసిన ఇద్దరు బ్యాటర్లు

మౌంట్ ఆల్బర్ట్‌లోని మా తెలుగు క్రికెట్ క్లబ్ సావనీర్ రేపు ప్రెస్సుకు వెళ్లాలి. మొదటి సీజన్‌లో అత్యధిక పరుగులు ఎవరివో తేల్చే పని నాది. పాత స్కోరు జాబితాలో పోతుల, ప్రకాశ్ అని ఇద్దరున్నారు. సీజనంతా, ప్రతి శనివారం, ఇద్దరివీ సరిగ్గా అవే పరుగులు.

అప్పట్లో, నేను చేరకముందు, క్లబ్‌కు స్కోరు రాసిన సుబ్బారావు అంకుల్ ఇంటికి ఈ సాయంత్రం వెళ్లాను.

"ఇద్దరెక్కడయ్యా, ఒకడే. పోతుల ప్రకాశ్. నేను ప్రకాశ్ అని రాసేవాణ్ణి. అవతలి టీముల కివీలు ఇంటిపేరు రాసుకునేవాళ్లు. తర్వాతెవరో రెండు పుస్తకాలూ కలిపేశారు."

లెక్క కుదిరింది. జాబితాలో పోతుల పేరు కొట్టేశాను. టీ తాగుతూ అంకుల్ నవ్వారు.

"పాపం పోతుల. చివరి మ్యాచ్‌లో రనౌట్. ప్రకాశే రమ్మని పిలిచి, సగం దూరం వచ్చాక వెనక్కి పొమ్మన్నాడు. ఇప్పటికీ ఇద్దరికీ మాటల్లేవు."

"ఒకడే అన్నారుగా అంకుల్?"

ఆయన కప్పు కింద పెట్టి, తన పాత స్కోరు పుస్తకం మొదటి పేజీ తెరిచారు.

ఏ వార్తకైనా ఇద్దరు సాక్షులుండాలన్నది విలేకరిగా నా వృత్తి నియమం. ఇక్కడ రెండు సాక్ష్యాలూ ఒక్కరే చెప్పారు. కొట్టేసిన పేరు మళ్లీ రాసి కూర్చున్నాను. ఆ సీజన్‌లో ఆడినవాళ్లెవరైనా చెప్పండి, ఆ రనౌట్ రోజు అవతలి ఎండ్‌లో ఎవరున్నారు?